వెచ్చమ్మ పొదిగించిన మట్టి గుడ్లు

రండమ్మా, రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. నా గొంతు ఇదివరకటిలా గది ఆ మూలదాకా పోవడం లేదు. ఆ గుమ్మంలో కూర్చున్నదాన్ని కూడా ఇటు లాగండి, లేకపోతే సగంలో "ఎవరు, ఎవరు" అని అడ్డం పడుతుంది. ఇది పావురాల కథ. పావురాల కథే గాని, ఒక అత్తాకోడళ్ళు లేకపోతే ఇందులో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఒక వీధి చివర పిండిమిల్లు ఉండేది. పాత మిల్లు. ఇటుక గోడలు, రేకుల కప్పు, కప్పు కింద పొడుగ్గా ఒక అటక. ఆ అటకలో పావురాలు. మిల్లు వెనకగోడకు ఆనుకుని ఒక చిన్న ఇల్లు, ఆ ఇంట్లో వెచ్చమ్మ. అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మంత్రసాని ఆవిడ. ఎంత చలిలోనైనా ఆవిడ అరచేతులు అప్పుడే పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చినట్టు వెచ్చగా ఉండేవి. పుట్టిన పసిగుడ్డు ఆ చేతుల్లో పడగానే ఏడుపు ఆపి ఎవరబ్బా అన్నట్టు చూసేదట. అందుకని వెచ్చమ్మ అయింది. ఆ వీధిలో పొగరుగా మీసం మెలేసేవాళ్ళు కూడా ఆవిడ ఎదురైతే తల దించుకునేవాళ్ళు. మరి వాళ్ళని ఒంటి మీద నూలుపోగు లేకుండా మొదట చూసింది ఆవిడే కదా.

ఆవిడ భర్త మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. బస్తాలు ఎత్తీ దించీ చేసేటప్పుడు గింజలు రాలతాయి. పని దిగే ముందు ఆయనే చీపురు పట్టి వాటిని ఊడ్చి, రాళ్ళు ఏరి, అటక కింద పోసేవాడు. "వాటి వాటా వాటికి" అనేవాడు. రాలిన గింజలు ఎంతో ఆ పావురాలూ అంతే. ఏళ్ళ తరబడి ఆ గుంపు పెరిగిందనీ తరిగిందనీ ఎవరూ అనుకోలేదు. మిల్లు పొగగొట్టం మీద ఒక డేగ కూర్చునేది. ఉన్నట్టుండి దిగి ఒకదాన్ని తన్నుకుపోయేది. వెచ్చమ్మ వంట వదిలేసి, గరిటెతో పళ్ళెం వాయిస్తూ పెరట్లోకి పరిగెత్తేది.

"పోవే పాపిష్టిదానా! నీ కళ్ళు పోను!"

"ఊరుకోవే," అనేవాడు భర్త నవ్వుతూ. "నీకు కాన్పులు, నాకు కాటా, దానికి అది. ఎవరి పని వాళ్ళని చేసుకోనీ."

అలా రోజులు గడిచిపోయాయి. ఒక ఎండాకాలం ఆయన పోయాడు. ఆయన వెనకే పాత మిల్లు కూడా పోయినట్టే అయింది. పొగగొట్టం కూల్చేశారు. బస్తాలు మోసే పని పోయి, లారీలోంచి గింజ గొట్టాల్లోకి, గొట్టాల్లోంచి యంత్రంలోకి పోయేట్టు చేశారు. ఒక్క గింజ బయట రాలితే ఒట్టు. డేగ కూర్చోవడానికి చోటు లేక ఎటో వెళ్ళిపోయింది. పావురాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. నేరుగా వెచ్చమ్మ పెరట్లో దిగాయి. కాటా మనిషి ఇల్లు ఇదేనని వాటికెవరు చెప్పారో మరి.

ఆవిడ చేట నిండా గింజలు చల్లింది. భర్త చేత్తో తిన్న పావురాలు తన గడపలో పస్తుంటే ఆవిడ ముద్ద ఎలా మింగుతుంది, చెప్పండి? మర్నాడు ఇంకొన్ని వచ్చాయి. ఆకలి మీద ఉన్నాయి కాబోలని ఇంకో చేట చల్లింది. తిన్నవి తిన్నట్టే ఉండవు కదా, గూళ్ళు కట్టాయి, గుడ్లు పెట్టాయి, పిల్లల్ని చేశాయి. ఆ పిల్లలూ ఆకలని వచ్చాయి. లారీ నడిపే కొడుకు ఇంటికొచ్చినప్పుడల్లా ఒక బస్తా దించి పోయేవాడు. డేగ కూడా లేదాయె. రెండేళ్ళు తిరిగేసరికి మిల్లు కప్పు మీద రేకు కనపడకుండా పోయింది. అవి ఒక్కసారి లేస్తే పెరట్లో ఆరేసిన బట్టల మీద నీడ పడేది.

ఆ తర్వాత పిల్లలు రాలడం మొదలైంది. సగం ఈకలు వచ్చిన పిల్లలు, జబ్బు చేసి గొంతులో పసుప్పచ్చ పూతతో, అటక అంచునుంచి కింద పడేవి. గూటి మీద గూడు, రెట్ట మీద రెట్ట, కాలు పెట్టే చోటు లేదు వాటికి. వెచ్చమ్మ పొద్దున్నే పాతగుడ్డ పట్టుకుని వాటిని ఏరి, పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టేది. తిండి చాలకే చస్తున్నాయని ఆవిడ నమ్మకం. ఇంకొంచెం చల్లేది.

కోడలు ఇదంతా వంటింటి కిటికీలోంచి చూసేది. నోరు విప్పి ఒక్క మాట అనేది కాదు. ఆ పిల్ల మొదటినుంచీ మూగమొద్దు కాదమ్మా, ఇంటికొచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది, అత్తని కూడా ఆట పట్టించేది. అంతకు ముందు ఏడాది తొలికాన్పులో బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. కాన్పు చేసింది వెచ్చమ్మే. తల్లి కళ్ళు తెరిచేలోగా ఆ బిడ్డని గుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోయింది. అలాంటి కాన్పుల్లో ఆవిడ ఎప్పుడూ అంతే చేసేది. చూస్తే ఆ మొహం మరిచిపోలేరు, చూడకపోతేనే మేలు అని ఆవిడ మంచితనం. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆ ఊసు లేదు. "అన్నం పెట్టనా అత్తయ్యా," "పెట్టు తల్లీ." అంతే, అంతకు మించి మాట లేదు.

చలికాలం మొదట్లో మిల్లు మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడప దగ్గర చెప్పులు విడవాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

"రారా నాయనా, కూర్చో. నువ్వు అడ్డం తిరిగి మీ అమ్మని రాత్రంతా ఏడిపించినవాడివి. ఇప్పటికీ తిన్నగా నిలబడ్డం రాలేదా?"

"పెద్దమ్మా, ఆ సంగతి మాత్రం మా పనివాళ్ళ ముందు అనకు." కూర్చున్నాడు. "పావురాల సంగతి మాట్లాడాలని వచ్చా. పిండిలో ఈకలు వస్తున్నాయి. అటక కింద పనిచేసే ఆవిడకి దగ్గు పట్టుకుంది, తగ్గట్లేదు. మందు పెట్టేవాళ్ళని పిలవమని పైవాళ్ళు చెప్పారు."

"మందంటే?"

అతను నేల వైపు చూశాడు. "గింజల్లో కలిపి పెడతారు. ఒక్క రోజులో అయిపోతుంది."

వెచ్చమ్మ లేచి పెరటి వైపు చూసింది. గింజల్లో! తన పెనిమిటి ఏళ్ళ తరబడి పోసిన చోటే, అదే గింజల్లో.

"వానలు పట్టేదాకా ఆగగలవా?" అంది. "వానలనాటికి ఇవి తగ్గకపోతే నీ ఇష్టం. తగ్గితే మాత్రం మందు మాట ఎత్తకూడదు."

"ఎలా తగ్గిస్తావు పెద్దమ్మా?"

"అది నా పని. పుట్టించడం తెలిసినదానికి ఆపడం తెలియదూ?"

అనడం అయితే అనేసింది గాని, ఆ మాట తన నోటే వచ్చిందా అని ఆవిడకే ఒళ్ళు జలదరించింది.

మొదట గింజలు పూర్తిగా ఆపి చూసింది. ఆ పూటంతా అవి గడప మీద, కిటికీ మీద, నీళ్ళ తొట్టి మీద కూర్చుని ఆవిడనే చూశాయి. పైన అటకలో పిల్లలు కీచుకీచుమంటున్నాయి. సాయంత్రానికి ఆవిడ ఉండబట్టలేక చేట అందుకుంది. ఇక గుడ్లు తీసేయడం ఒక్కటే దారి అనుకుంది. పుట్టాక చావడం కన్నా పుట్టకుండా ఉండడమే నయం కదా.

మిల్లు వాచ్‌మన్‌ని అందరూ కునుకుబాబాయ్ అనేవాళ్ళు. నిలబడి కూడా నిద్రపోగలడు. అతను నిచ్చెన పట్టుకుంటే వెచ్చమ్మ బుట్ట తగిలించుకుని అటక ఎక్కింది.

"వదినా, ఈ వయసులో ఎక్కడమేంటి? పడితే నిన్ను పట్టుకునే మంత్రసాని లేదు ఈ వీధిలో!"

"నువ్వు నిద్రపోకుండా ఉంటే చాలు, నేను పడను."

పైన ఒక్కో గుడ్డు తీసి, రేకు సందులోంచి పడే ఎండకి ఎదురుగా పట్టి చూసేది. లోపల ఎర్రటి నరాలు దారాల్లా పాకి ఉంటే మళ్ళీ గూట్లోనే పెట్టేది. ప్రాణం పోసుకున్నదాన్ని తీయడం ఆవిడ వల్ల కాదు. నీళ్ళలా తేటగా ఉన్నవే తీసేది. అలా కొన్నాళ్ళు రోజూ ఎక్కింది. బుట్టలు నిండాయి. తగ్గిపోతాయిలే అని కాస్త గుండె దిటవు చేసుకుంది.

తగ్గలేదు. ఏ గూట్లో తీసిందో ఆ గూట్లోనే మళ్ళీ గుడ్లు! తీసినకొద్దీ పెడుతున్నాయి. తల్లి పావురాల రెక్కల కింద ఎముకలు తేలాయి. గుడ్డు పెంకులు కాగితంలా పలచబడి, వేలు తగిలితే సొట్ట పడుతున్నాయి. ఒకరోజు మూల గూట్లో ఒక బూడిదరంగు పావురం ఈకలు విప్పార్చుకుని, ముక్కు తెరుచుకుని కూర్చుని ఉంది. చెయ్యి పెట్టినా ఎగరలేదు. వెచ్చమ్మ దాని పొట్ట తడిమింది. ఆవిడకి వేరే చెప్పాలా? గుడ్డు అడ్డం పడింది. బయటికి రావడం లేదు.

కిందకి తెచ్చి, గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టి, చిటికెనవేలికి నూనె రాసుకుని ఎంత ప్రయత్నించాలో అంతా ప్రయత్నించింది. ఎన్ని అడ్డం తిరిగిన కాన్పులు నెగ్గుకొచ్చిన చేతులమ్మా అవి! ఆ పావురం ఆ చేతుల్లోనే కాళ్ళు చాపేసింది.

వెచ్చమ్మ పెరటి మెట్టు మీద కూలబడింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "తీసినకొద్దీ పెడతారుటే? ఎందుకే మీకింత మొండితనం, ఎందుకు పెట్టావే," అని దాన్నే అడుగుతూ ఏడ్చింది.

వెనక వంటింటి తలుపు చప్పుడైంది. కోడలు వచ్చి నిలబడింది.

"పెట్టకేం చేస్తుంది అత్తయ్యా?"

ఏడాది తర్వాత, అన్నం ఊసు కాకుండా, ఆ పిల్ల తనంతట తను అన్న మొదటి మాట అది. వెచ్చమ్మ తల తిప్పి చూసింది.

"మీరు దాని కిందనుంచి ఉన్నదంతా తీసేసి వచ్చారు. అది కూర్చుందామని వస్తుంది, చూస్తే ఖాళీ. మళ్ళీ పెడుతుంది. మళ్ళీ తీస్తారు. ప్రాణం పోయేదాకా పెడుతూనే ఉంటుంది." అటకకేసి చూసింది. "నాకు తెలుసు. నేను కళ్ళు తెరిచి చూస్తే పక్కన ఖాళీ. పక్కబట్టలన్నీ దులిపి చూశాను. ఏముందో కూడా తెలియదు, ఏం పోయిందో కూడా తెలియదు. వెంటనే ఇంకొకటి కావాలి, ఇంకొకటి కావాలి అని ఒకటే పిచ్చి. మీరేమో అందరితో అమ్మాయి కోలుకుందని చెప్పుకున్నారు."

వెచ్చమ్మ ఒళ్ళో ఉన్న పావురాన్ని మెట్టు మీద పెట్టింది.

"ఏదో ఒకటి ఉంచి రావాల్సింది," అంది కోడలు. "కాసేపైనా. పొదిగి పొదిగి అవే లేచేవి."

అంతే అంది. వచ్చి అత్త పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆ చనిపోయిన పావురం మెడ మీద ఈకలు చెదిరి ఉంటే వేలితో సర్దింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, ఇదివరకటి మౌనం కాదమ్మా అది.

మర్నాడు ఇద్దరూ కలిసి కుమ్మరి దగ్గరికి వెళ్ళారు. కోడలు ఒక పావురం గుడ్డు చూపించి, అచ్చు ఇంతే ఉండాలి, నున్నగా, తెల్లగా కాల్చి ఇవ్వాలి అంది.

కుమ్మరి సారె తిప్పడం ఆపేశాడు. "కుండలు అడిగారు, మూకుళ్ళు అడిగారు, బొమ్మలు అడిగారు. నన్నే గుడ్లు పెట్టమని అడిగింది మీరే!"

"పెట్టు మరి," అంది కోడలు. "పొదగమని అడగట్లేదుగా."

వెచ్చమ్మ ఆ పిల్ల మొహంకేసి చూసింది. ఎన్నాళ్ళయింది ఆ నోట ఎకసెక్కం విని!

మట్టి గుడ్లు వచ్చాయి. ఒక గూట్లో పెట్టి చూశారు. పావురం వచ్చింది, ముక్కుతో పొడిచింది, చల్లగా తగిలేసరికి పక్కకి నెట్టేసింది. కోడలు బిక్కమొహం వేసింది. వెచ్చమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఆ మట్టి గుడ్డు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఛాతీకి ఆనించుకుని అలాగే కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో! చేతి వెచ్చదనం మట్టిలోకి దిగాక, అసలు గుడ్డు తీసి దీన్ని గూట్లో ఉంచింది. పావురం తిరిగొచ్చి, ఈకలు విప్పి, సర్దుకుని, బుద్ధిగా కూర్చుంది.

ఇక చూస్కోండి, అదే పని. వెచ్చమ్మకి నిచ్చెన ఎక్కడం కష్టమైపోయి కోడలు ఎక్కేది. కింద మెట్టు మీద అత్త గుడ్లు వెచ్చబెట్టి అందిస్తే, పైన కోడలు గూట్లో మార్చేది. కునుకుబాబాయ్ నిచ్చెన పట్టుకుని, "నేనొక్కణ్ణే ఈ ఇంట్లో గుడ్డు పెట్టంది," అనేవాడు.

ఒకరోజు అతనే ఇంకో మాట కూడా అన్నాడు. "వదినా, ఆ కాళ్ళకి ఈకలున్న పావురాలు మన మిల్లువి కావు. అవతల వీధి సున్నపు బట్టీ దగ్గరవి. రోజూ నీ పెరట్లో భోంచేసి పోతున్నాయి. నువ్విక్కడ గుడ్లు ఎన్ని మార్చినా, విస్తరి పరిచి ఉంటే జనం రాకుండా ఉంటారా?"

వెచ్చమ్మకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా. ఈ సారి ఒక్కసారిగా ఆపలేదు. రోజూ చల్లే దాంట్లో ఒక పిడికెడు తగ్గించేది. అవి ఆ తగ్గినదానికి అలవాటుపడ్డాక, ఇంకో పిడికెడు. అలా అలా, తన పెనిమిటి చీపురుతో ఊడ్చి పోసిన కుప్ప ఎంత ఉండేదో కళ్ళల్లో తెచ్చుకుని, అక్కడికి వచ్చి ఆగింది. కొన్ని పావురాలు వేరే చోటు వెతుక్కుపోయాయి. ముసలివి కొన్ని చలికి పోయాయి. వాటికీ ఆవిడే గొయ్యి తీసి కప్పెట్టింది. ఏదీ ఊరికే తగ్గలేదమ్మా.

మట్టి గుడ్ల మీద పావురాలు ఎంత శ్రద్ధగా కూర్చునేవో చెప్పలేను. పగలు మగది, రాత్రి ఆడది, వంతులేసుకుని మరీ. పిల్ల రావలసిన రోజులు దాటేవి, ఇంకొన్నాళ్ళు కూర్చునేవి. తర్వాత ఒక పొద్దున, ఎవరూ లేపకుండా, అదే లేచేది. ఒళ్ళు విరుచుకుని, ఆ గుడ్డుకేసి ఒకసారి తల వంచి చూసి, ఎగిరిపోయేది.

కోడలు మొదటిసారి అది చూసి, నిచ్చెన మీదే ఆగిపోయింది. కిందకి దిగి వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

ఏ పావురం అని వెచ్చమ్మ అడగలేదు. ఆవిడకి తెలుసు. చేతిలో ఉన్న మట్టి గుడ్డు పక్కన పెట్టేసింది.

"ఆడపిల్ల," అంది. "జుట్టు ఒత్తుగా ఉంది, నల్లగా, నుదుటి మీదకి. చెవులు మీ ఆయనవే, ఆ పై అంచు మడత పడి ఉంటుంది చూడు, అలాగే. ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఉంది. విప్పబోయాను. రాలేదు. అలాగే ఉండనిచ్చాను."

"నా పోలిక?"

"గడ్డం నీది. నొక్కు ఉంది." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. "నీకు చూపించాల్సింది తల్లీ. నాకు తోచలేదు. ఇన్ని కాన్పులు చేసి కూడా, నాకు తోచలేదు."

కోడలు తన గడ్డాన్ని తడుముకుంది. ఏడ్చింది. ఎలుగెత్తి కాదు, నిదానంగా, కడుపులోంచి. తర్వాత, "ఎక్కడ పెట్టారో చూపించండి," అంది. ఇద్దరూ ఆ పూటే వెళ్ళి వచ్చారు.

వానలు పట్టే ముందర కోడలు ఒక గూటి దగ్గర మట్టి గుడ్డు పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీన్ని ఉండనిద్దాం అత్తయ్యా. పోయినసారి మట్టిదాని మీదే లేవకుండా కూర్చుని సగమైపోయింది ఇది. అన్నిటినీ మార్చేస్తే మనం పెట్టింది మాత్రం మందు కాదా?" వెచ్చమ్మ తలూపింది. అప్పటినుంచి అక్కడొకటి ఇక్కడొకటి గూళ్ళు వదిలేసేవాళ్ళు. ఏది వదలాలో కోడలే చెప్పేది.

తొలి వాన కురిసిన మర్నాడు మేనేజరు వచ్చాడు. ముగ్గురూ పెరట్లో నిలబడి కప్పుకేసి చూశారు. తడిసిన రేకు మెరుస్తూ కనపడుతోంది. అక్కడక్కడ పావురాలు, మెడలు మిలమిలలాడుతూ. అంచునుంచి కింద రాలిన పిల్ల ఒక్కటీ లేదు.

సరిగ్గా అప్పుడే మిల్లు కొత్త నీళ్ళ ట్యాంకు మీదనుంచి ఏదో జారినట్టు దిగింది. డేగ. ఎప్పుడు తిరిగొచ్చిందో ఎవరూ చూడలేదు. వెచ్చమ్మ అలవాటుగా కిటికీలో ఉన్న పళ్ళెం, గరిటె అందుకుంది. చెయ్యి పైకి లేచింది. గుంపు మొత్తం ఒక్కసారిగా ఎగిరింది, ఆకాశంలో ఒక ఈక గిరగిరా తిరుగుతూ రాలింది. ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉంది. తర్వాత మెల్లగా దించేసింది.

"అరవలేదేం అత్తయ్యా?" అంది కోడలు నెమ్మదిగా.

"దాని పని అది చేసుకోనీ," అంది వెచ్చమ్మ. ఆ మాట ఎవరిదో మీకు గుర్తుంది కదా. ఆవిడ కళ్ళ నీళ్ళు మాత్రం ఆగలేదు. తన్నుకుపోయిన పావురం ఆవిడ గింజలు తిన్నదేనాయె.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మందువాళ్ళని రావద్దని చెప్తా పెద్దమ్మా. కానీ మళ్ళీ పెరిగితే?"

"పెరగకుండా చూసుకోవడానికి మేమిద్దరం ఉన్నాం," అంది కోడలు. "నిచ్చెన మాత్రం కొత్తది కొనివ్వండి. ఒక మెట్టు పుచ్చిపోయింది."

వెచ్చమ్మ పోయాక కూడా ఆ పిల్ల ఆ పని వదల్లేదు. మట్టి గుడ్లు వెచ్చబెట్టడం మాత్రం కోడలికి కష్టమయ్యేది, అత్తకున్న చేతులు కావుగా. చాలాసేపు పట్టుకుని కూర్చోవలసి వచ్చేది.

ఇదమ్మా కథ. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో చెప్తారు, చెప్పండి. చెప్పేటప్పుడు ఆ కునుకుబాబాయ్ మాటలు మరిచిపోయినా పరవాలేదు. డేగని మాత్రం వదిలేయకండి. ఆ మూల గూటి బూడిదరంగు పావురాన్ని వదిలేయకండి. ఇంకొకటి, ఆ బిడ్డ జుట్టు ఒత్తుగా ఉందనీ, ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఉందనీ తప్పకుండా చెప్పండి. ఆ పాపని చూసిన కళ్ళు రెండే. అవి మూసుకుపోయి చాలాకాలమైంది. ఇప్పుడిక మనం గుర్తుపెట్టుకుంటేనే ఉంటుంది.